ఆ గోల్ ఆయనదే

హోండురాస్ అని మధ్య అమెరికాలో ఒక దేశం ఉంది. ఆ దేశంలో అరటితోటల మధ్య ఒక చిన్న ఊరుంది. ఆ ఊరికి జీతాలిచ్చి ఆటగాళ్ళను పెట్టుకున్న ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. ఆ క్లబ్బు చరిత్రను ఇంగ్లీషులో మొట్టమొదట రాసినవాణ్ణి నేనే.

నేను ఆ దేశం ఎప్పుడూ వెళ్ళలేదు. అక్కడి భాష నాకు రాదు. ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఎవరైనా పక్కన కూర్చుని చెబుతున్నంతసేపూ అర్థమవుతుంది, వాళ్ళు లేవగానే పోతుంది. అయినా ఇంటర్నెట్‌లో ఆ క్లబ్బు గురించి ఎవరు వెతికినా చాలా ఏళ్ళపాటు నా మాటలే దొరికేవి. వాటిలో నిజం రెండు లైన్లు. మిగతాదంతా నా కల్పన. ఆ కల్పన వల్ల ఒక పెద్దమనిషికి సొంత ఇంట్లోనే మాట పోయింది. అబద్ధం ఇంగ్లీషులో రాశావు కదా, నిజం కూడా ఇంగ్లీషులోనే రాయమని మీరు అనవచ్చు. రాశాను. ఎవరూ నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో చెబుతాను.

నేను 1999లో ఇంగ్లండులో రీడింగ్ అనే ఊరికి వచ్చాను. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా వణుకుతున్న రోజులు. ఆ వణుకు పుణ్యమా అని కోనసీమ నుంచీ, కడప నుంచీ, ఎక్కడెక్కడి నుంచో మాలాంటివాళ్ళం థేమ్స్ ఒడ్డు ఆఫీసుల్లోకి వచ్చి పడ్డాం. జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ ఆగలేదు. మేమే ఇక్కడ ఆగిపోయాం.

మా ఆఫీసు బీమా పాలసీల సాఫ్ట్‌వేర్ చూసేది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి అందరూ కిచెన్‌లో కెటిల్ చుట్టూ మూగేవారు. ఇంగ్లీషువాళ్ళు జీతం అడగరు, వయసు అడగరు, పిల్లలెందరని అడగరు, మీరేమిట్లు అని కులం అసలే అడగరు. ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. రెండో సోమవారం తెలిసింది, వాళ్ళకీ గోత్రం ఉందని. "నువ్వు ఏ టీమ్?" అన్నదే ఆ ప్రశ్న. క్రికెట్ సంగతి ఎత్తితే నవ్వి, "అది సరే, ఫుట్‌బాల్‌లో?" అన్నారు. పెళ్ళిచూపుల్లో గోత్రం తెలియదన్నవాణ్ణి మనం ఎలా చూస్తామో అలా చూశారు. కంగారులో, టీవీలో రోజూ వినబడే ఒక పెద్ద క్లబ్బు పేరు చెప్పేశాను. గోత్రం చెబితే చాలదనీ, ప్రవర కూడా అప్పజెప్పాలనీ అప్పుడు తెలిసింది. "అయితే మీ గోల్‌కీపర్ ఎవరు?" అన్నాడొకడు. నాకు తెలిసిన కీపర్ ఒక్కడే, ఇంగ్లండ్ క్రికెట్ జట్టులో వికెట్ల వెనక నిలబడేవాడు. ఆయన పేరు చెప్పాను. ఆ కెటిల్ దగ్గర ఏడాదిన్నరపాటు నన్ను ఆ పేరుతోనే పిలిచారు.

2001లో నన్ను పై అంతస్తులో వేరే టీమ్‌కు మార్చారు. కొత్త మనుషులు. ఈసారి సిద్ధపడి వెళ్ళాలనుకున్నాను. ఎవరూ పరీక్ష పెట్టలేని గోత్రం కావాలి. టౌన్ లైబ్రరీలో పాత పుస్తకాలు వదిలించుకుంటూ గుమ్మం దగ్గర బల్ల మీద పోశారు. అందులో ప్రపంచ ఫుట్‌బాల్ క్లబ్బుల పట్టిక ఒకటి దొరికింది. హోండురాస్ పేజీ చివర ఈ క్లబ్బు గురించి రెండు లైన్లు ఉన్నాయి. అరటితోటల కంపెనీ రైల్వే కూలీలు దాన్ని పెట్టారనీ, చొక్కాలు పచ్చ పసుపు రంగులనీ, ఒకసారి ఫైనల్లో ఒకటి–సున్నాతో గెలిచి మొదటి డివిజన్‌లోకి వెళ్ళి ఏడాది తిరక్కుండా కిందికి వచ్చేసిందనీ. గోల్ ఎవరు కొట్టారో లేదు. అరటి అనగానే మా రావులపాలెం సంత కళ్ళ ముందు మెదిలింది. ఇదే నా క్లబ్బు అనుకున్నాను. లెక్క కూడా వేశాను: ఆ మారుమూల ఊరివాడు ఎవడూ జన్మలో రీడింగ్ రాడు. అదే లెక్కన మా మారుమూల ఊరివాడు కూడా రాకూడదు కదా అన్నది నాకు తట్టలేదు.

కొత్త మేనేజరు యార్క్‌షైర్ మనిషి. చెయ్యి పెద్దది, గొంతు అంతకంటే పెద్దది. మొదటి సోమవారమే అడిగాడు. చెప్పాను. కెటిల్ చుట్టూ ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు.

"అదెక్కడ పట్టావయ్యా?"

"మా మేనమామ సరుకు ఓడల్లో పనిచేసేవాడు. ఆ రేవు నుంచి నాకో చొక్కా తెచ్చాడు. ఏడేళ్ళప్పటి నుంచీ నేను వాళ్ళ మనిషినే."

మా మేనమామ కాకినాడ పోర్టులో గుమాస్తా. గోదావరి దాటడానికి పంటు ఎక్కితేనే వాంతి చేసుకునేవాడు.

ఆ రోజు నుంచి నా హోదా మారింది. ప్రతి సోమవారం, "మీవాళ్ళు ఏం చేశారు?" అని అడిగేవారు. మొదటి వారం మూడు–సున్నాతో గెలిచామన్నాను. "బాగుంది" అని అటు తిరిగారు. రెండో వారం చివరి నిమిషంలో ఓడిపోయామన్నాను. మేనేజరు నా భుజం మీద చెయ్యి వేశాడు. నా కప్పులో టీ తనే కలిపిచ్చాడు. ఈ దేశంలో గెలిచినవాడికి చప్పట్లు, ఓడినవాడికి చుట్టరికం అని అర్థమైంది. అంతే, నా క్లబ్బును ఓడించడం మొదలుపెట్టాను. వానలో ఓడించాను. రెఫరీ మోసంతో ఓడించాను. బస్సు చెడిపోయి ఎనిమిదిమందే మైదానం చేరిన రోజున కూడా గౌరవంగా ఓడించాను.

అదే అంతస్తులో కడప స్నేహితుడొకడు ఉండేవాడు. అసలు సంగతి తెలిసినవాడు ఆఫీసులో వాడొక్కడే.

"ఏమప్పా, నిన్న మళ్ళా ఓడిపోతిరంటనే?" అనేవాడు అందరూ వెళ్ళాక.

"రెఫరీ అన్యాయం చేశాడు."

"ఆ రెఫరీని పుట్టిచ్చింది నువ్వే కదప్పా. ఉండేది నీ చేతిలోనే కదా, రవ్వంత మంచోణ్ణి పుట్టిచ్చరాదా?"

ఇంట్లో కూడా తేడా వచ్చింది. ఒక సోమవారం పొద్దున మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏవండీ, పొద్దున్నే ఆ మొహం ఏంటండీ? ఎవరన్నా పోయారా?"

"ఓడిపోయారే."

"ఎవరు?"

చెప్పాను. గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఆడని ఆటకి ఏడుపొకటా? ఇడ్లీ తినండి, చల్లారిపోతుంది."

అక్కడితో ఆగి ఉంటే ఇది నవ్వుకునే కథ అయ్యేది. 2003లో కంపెనీవాళ్ళు ఉద్యోగుల అభిరుచుల కోసమని బయటివాళ్ళు కూడా చూడగలిగే వెబ్‌సైటు ఒకటి తెరిచారు. ఒకరు గులాబీల పెంపకం గురించి రాశారు, ఒకరు పాత మోటారుసైకిళ్ళ గురించి. మేనేజరు నా బల్ల దగ్గరకు వచ్చాడు. "నీ క్లబ్బు చరిత్ర రాయి. ఈ దేశంలో అది నీకు తప్ప ఎవరికి తెలుసు?" అన్నాడు. నాకూ తెలియదని ఆయనకు తెలియదు.

శనివారం మధ్యాహ్నం కూర్చున్నాను. చేతిలో ఉన్నది రెండు లైన్లు. చరిత్ర రాయడమంటే నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, స్థలపురాణం. మా నాన్న హైస్కూల్లో తెలుగు పండితుడు. చుట్టుపక్కల గుళ్ళ ధర్మకర్తలు వచ్చి స్థలపురాణం రాసిపెట్టమంటే రాసిచ్చేవాడు. రాసిన ప్రతిదానిలో ఒక ఆవు రోజూ మందను విడిచి వెళ్ళి పుట్ట మీద పాలు కార్చేది. పశువులకాపరి చూసేవాడు. ఊరి పెద్దకు కల వచ్చేది. తవ్వితే స్వామి బయటపడేవాడు. తర్వాత ఒక వరద, ఆ తర్వాత ఒక పేద భక్తుడికి పరీక్ష. "నాన్నా, ఆ ఆవు ఇక్కడ కూడా ఉందా?" అని ఒకసారి అడిగాను. "ఆవు లేకపోతే జనం రార్రా" అన్నాడు. తప్పుచేసినవాడిలా చెప్పలేదు, వంటలో ఉప్పు గురించి చెప్పినట్టు చెప్పాడు.

నేను కూడా ఉప్పు వేశాను. అరటితోటల కంపెనీ మేస్త్రీ ఆవు రోజూ మిట్టమధ్యాహ్నం రైలు పట్టాలు దాటి వెళ్ళి బీడు నేలలో ఒకే చోట పాలు కార్చింది. చర్చి ఫాదరీకి కల వచ్చింది. కూలీలు అక్కడ తవ్వితే ఎవరిదో పాత తోలుబంతి బయటపడింది. ఆ చోటే మైదానం మధ్య చుక్క అయింది. తర్వాత నది పొంగింది. ఊరంతా ముంచి గోల్ గీత దాకా వచ్చి, గీత దాటకుండా వెనక్కి మళ్ళింది. ఇక భక్తుడు కావాలి. రొట్టెలు కాల్చే పేదవాణ్ణి పుట్టించాను. రోజూ ఆటగాళ్ళకు రొట్టెలు తెచ్చి గట్టు మీద కూర్చుని చూసేవాడు, తనెప్పుడూ ఆడినవాడు కాదు. ఫైనల్ రోజున ఒకడికి జ్వరం వచ్చింది, మనిషి తక్కువయ్యాడు, రొట్టెలవాణ్ణి దింపారు. చివరి నిమిషంలో, బూట్లు లేకుండా, నలభై గజాల దూరం నుంచి, ఎడమ కాలితో గోల్ కొట్టాడు. మర్నాడు పొద్దున మామూలుగానే రొట్టెలు అమ్ముకోవడానికి వెళ్ళాడు. ఆ ఆఖరి వాక్యం రాసి నేనే కళ్ళు తుడుచుకున్నాను.

మేనేజరు కూడా తుడుచుకున్నాడు. "ఇదే లాటిన్ అమెరికా అంటే! అక్కడ ఇలాంటివి జరుగుతాయి" అన్నాడు. ఇదే ఆవు కోనసీమలో పాలు కార్చిందని చెబితే నా మొహం చూసి మర్యాదగా టాపిక్ మార్చేవాడు. ఆవు ఒకటే, పాలు ఒకటే. సముద్రం అటువైపు కారిస్తే సాహిత్యం, మావైపు కారిస్తే మూఢనమ్మకం.

ఒక్కరైనా ఆధారం అడగలేదు. పైగా, ఎవరైనా రాయగలిగే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది కదా, అందులోకి ఎవరో దాన్ని ఎక్కించారు, కింద నా పేజీని ఆధారంగా చూపించారు. అందులోంచి ఒక అభిమానుల సైటు ఎత్తుకుంది. దానిలోంచి ఇంకొకటి. ఏడాది తర్వాత రొట్టెలవాడి గురించి నాలుగు చోట్ల చదివాను. నాలుగు చోట్ల ఉంది గనక ఏమో, నిజమేనేమో అని ఒక్క క్షణం నాకే అనిపించింది.

2006లో ప్రపంచకప్ వచ్చింది. ఆఫీసు క్యాంటీన్‌లో జెండాలు కట్టారు. ఎవరి క్లబ్బు గురించి వాళ్ళు ఒక కాగితం గోడకు పెట్టాలన్నారు. మేనేజరు నా చరిత్రను అచ్చు వేయించి, అద్దం కట్టించి, సరిగ్గా వడ్డించే కౌంటర్ పక్కన మేకు కొట్టించాడు.

ఆ కౌంటర్ వెనక ఒక పెద్దాయన ఉండేవాడు. పొట్టి మనిషి, తెల్లటి మీసం, టోపీ కింద జుట్టుకు వల. ఆరు నెలలుగా నాకు రోజూ కాల్చిన బంగాళాదుంప మీద బీన్స్ వేసి ఇస్తున్నాడు. స్పెయిన్ వాడనుకున్నాను, అడగలేదు. ఆయనా నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజు ప్లేటు ఇవ్వకుండా పట్టుకునే ఉన్నాడు.

"ఇది మీరు రాశారా?"

"అవును."

"మా ఊరు వచ్చారా?"

నా వెనక ఆరుగురు ట్రేలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "లేదు, మా మేనమామ... ఓడలో..."

"మా ఊరికి ఓడ రాదు" అన్నాడు నెమ్మదిగా. "సముద్రం చాలా దూరం."

ప్లేటు నా చేతిలో పెట్టాడు. మర్నాడు క్యాంటీన్ ఖాళీ అయ్యాక, మధ్యాహ్నం రెండున్నరకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన ఇంగ్లీషు చిన్న చిన్న ముక్కలు, కానీ ఏ ముక్కా అక్కర్లేనిది కాదు.

"ఆ ఫైనల్ ఆడాను. ఆ గోల్ నేను కొట్టాను."

నేను నీళ్ళు తాగాను.

"నాకు ఒక మనవరాలు. పదమూడేళ్ళు. నేను, కూతురు, అది. స్కూల్లో ఇంటి పెద్దల గురించి రాయమన్నారు. అది నా గోల్ గురించి రాసింది. టీచర్ ఇంటర్నెట్‌లో చూసింది. రొట్టెలవాడు అని ఉంది. పిల్ల ఇంటికి వచ్చింది. కోపం లేదు. నా చెయ్యి నిమిరింది. పర్లేదులే తాతా, అంది." ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. "కోపం తెచ్చుకుంటే బాగుండేది. జాలిపడింది. చిన్నప్పటి నుంచీ పడుకునే ముందు ఆ కథే అడిగేది. ఇప్పుడు అడగదు."

"అయ్యో" అన్నాను.

"ఒక్క లైను మార్చండి. ఆవు ఉండనివ్వండి. ఫాదరీ ఉండనివ్వండి. ఆ ఒక్క లైను."

ఎవరూ మమ్మల్ని చూడటం లేదు. ఎవరూ వినడం లేదు. "బాబాయ్, అదంతా నేను పుట్టించిందే" అని తెలుగులో చెప్పినా సరిపోయేది, నా మొహం చూసి గ్రహించేవాడు. కానీ ఒక్క లైను మారితే, ఎందుకు మారిందని మేనేజరు అడుగుతాడు. అడిగితే రొట్టెలవాడు పోతాడు, వాడితో ఆవు పోతుంది, మేనమామ పోతాడు, నేను మళ్ళీ వికెట్‌కీపర్‌ని అవుతాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా?"

ఆయన తప్పు పట్టలేదు. తల ఊపాడు. చదువుకున్నవాళ్ళు అలాగే అడుగుతారు అనుకున్నట్టున్నాడు.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను చేసినదాన్ని మించిన సిగ్గుమాలిన పని నా జీవితంలో లేదు. ఆయన ఆధారాలు తేవడం మొదలుపెట్టాడు. క్లబ్బు ఆఫీసు పెద్ద తుపానులో కొట్టుకుపోయింది. ఊరి పత్రిక ఎప్పుడో మూతపడింది. జట్టులో ఆయన కాక బతికున్నవాళ్ళు నలుగురు. వాళ్ళకు ఉత్తరాలు రాశాడు, ఇద్దరే పలికారు. ముందు ఒక ఫోటో వచ్చింది: పదకొండుమంది, మోకాళ్ళ మీద కూర్చున్నవాళ్ళలో ఎడమ చివర ఆయనే, మీసం నల్లగా. "జట్టులో ఉన్నట్టు తెలుస్తోంది, గోల్ కొట్టినట్టు తెలియడం లేదు కదండీ" అన్నాను. తర్వాత పాత గోల్‌కీపర్ చెప్పి రాయించిన ఉత్తరం వచ్చింది. దాన్ని ఆయనే నాకు ఇంగ్లీషులో చదివి వినిపించాడు: "నేను అవతలి చివర ఉన్నాను. వాన. ఏమీ కనబడలేదు. అయినా నువ్వే అయి ఉంటావు, నువ్వెప్పుడూ అక్కడే అడ్డంగా నిలబడేవాడివి." దాన్నీ తీసుకుని ఫైల్లో పెట్టాను. "పరిశీలిస్తున్నాను" అన్నాను. మా ఊళ్ళో మండలాఫీసు గుమాస్తా పింఛను అడిగే ముసలివాళ్ళతో సరిగ్గా ఆ మాటే అనేవాడు, ఆ గొంతుతోనే. అంత దూరం వచ్చి నేను నేర్చుకున్నది అది.

ఆ రోజుల్లో నా బంగాళాదుంప మీద చీజ్ ఎక్కువ పడేది. తినేవాణ్ణి.

కడపవాడికి చెబితే వాడు నవ్వలేదు. "ఒక మాట చెప్పప్పా. ఆ ముసలాయప్పను ఆధారం అడిగితివి, బానే ఉంది. ఆవు పాలిచ్చినట్టు నీకాడ ఏముండాది?" అని లేచి వెళ్ళిపోయాడు. చాలా రోజులు నాతో కాఫీకి రాలేదు.

మా ఆవిడకు చెప్పే ధైర్యం లేకపోయింది. నా బ్యాగులో టిఫిన్ బాక్సు కోసం వెతుకుతూ ఫైలు ఆమే తీసింది.

"ఈ ఫోటో ఎవరిదండీ? కూర్చున్న ఆ మీసాలాయన నవ్వు ఎంత బాగుందో."

చెప్పాను. మొత్తం వినేదాకా కూర్చోలేదు.

"ఉన్న మనిషి గోల్ తీసి లేని మనిషికి ఇచ్చి, మళ్ళీ ఆధారం ఆయన్నే అడుగుతారా? మీదేమన్నా కోర్టా? కౌన్సిల్ ఆఫీసా?"

"మారుస్తాలే."

"మారుస్తాలే కాదు. నా ఎదురుగా మార్చండి."

ఆమె ఎదురుగానే మార్చాను. నా పేజీలో ఆవునీ, వరదనీ, రొట్టెలవాణ్ణీ మొత్తం తీసేసి, ఆయన పేరు రాశాను. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, ఆయన్ని అడగకుండా ఒకసారి రాసిన ఫలితం చాలు. తర్వాత ఆ ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో కూడా మార్చాను. గంట తిరక్కముందే ఎవరో రొట్టెలవాణ్ణి మళ్ళీ నిలబెట్టారు. కారణం: ఆధారం లేదు. మీరు ఆధారంగా చూపిస్తున్న పేజీ నాదే, దాన్ని నేనే మార్చాను అని రాశాను. ఆ పేజీ ఈ మధ్యే ఉన్నట్టుండి మారింది కనుక నమ్మదగినది కాదు, పాత ప్రతిని మూడు సైట్లు ధ్రువీకరిస్తున్నాయి అని జవాబు వచ్చింది. ఆ మూడూ నన్ను చూసే రాశాయి, అదంతా నా కల్పన, నేను అబద్ధాలకోరును అని రాశాను. ఎంతో మర్యాదగా చెప్పారు: అబద్ధాలకోరునని ఒప్పుకున్న వ్యక్తి మాటను ఆధారంగా తీసుకోలేము.

ఆ వాదనలో తప్పు పట్టడానికి ఇప్పటికీ నాకు చేతకావడం లేదు.

ఇక మిగిలింది మేనేజరు. తలుపు వేసి ఆయనకూ చెప్పేశాను, చొక్కా లేదు, ఓడ లేదు, ఆవు లేదు అని. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇన్నేళ్ళు ఓడిపోతే ఎవరికైనా విసుగొస్తుంది. కానీ క్లబ్బును అలా వదిలెయ్యకూడదు" అని టీ కలిపిచ్చాడు. గోడ మీద అద్దం అక్కడే ఉండిపోయింది.

పెద్దాయనకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఇంటర్నెట్‌లో నిలబడితే అప్పుడు చూపిద్దామనుకున్నాను. అది నిలబడలేదు.

2008లో కంపెనీ ఖర్చులు తగ్గించుకుంటూ క్యాంటీన్ మూసేసింది. ఆ స్థానంలో మెషీన్లు పెడతామన్నారు. ఆఖరి రోజున ఆయన ప్లేటు ఇస్తూ, "పరిశీలన అయిందా?" అన్నాడు. గొంతులో వెటకారం ఏమీ లేదు. "ఆ ఫోటో ఒక్కటే ఉంది నా దగ్గర. తిరిగి ఇస్తే..."

"ఇంటికి తెచ్చి ఇస్తాను" అన్నాను.

శనివారం మా ఆవిడ కూడా చీర మార్చుకుని బయల్దేరింది. "మీరొక్కరే వెళ్తే మళ్ళీ ఏదో పురాణం చెప్పొస్తారు. పదండి."

ఆక్స్‌ఫర్డ్ రోడ్డు పక్క సందులో, బట్టల లాండ్రీ పైన వాళ్ళ ఫ్లాట్. మనవరాలు తలుపు తీసింది. పదిహేనేళ్ళు వచ్చి ఉంటాయి, మాట అచ్చంగా రీడింగ్ మాట. కూతురు పనిలో ఉందట. పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, టోపీ లేకుండా మొదటిసారి ఇంకా చిన్నగా కనిపించాడు. ఫైలు ఆయన ఒళ్ళో పెట్టి, ఆ పిల్ల వైపు తిరిగి చెప్పాను. కూర్చోకుండానే చెప్పాను.

"ఆ పేజీ రాసింది నేను. అందులో ఉన్నదంతా నేను పుట్టించాను."

"ఆవు?"

"లేదు."

"వరద?"

"అది మా ఊళ్ళో వచ్చింది."

"రొట్టెలవాడు?"

"అలాంటి మనిషే లేడు."

ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీకేం పని లేదా?" అంది.

మా ఆవిడకు ఆ ఇంగ్లీషు బాగానే అర్థమైంది. "బాగా అడిగింది" అంది తెలుగులో.

పిల్ల తాతగారి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. "తాతా, అయితే నువ్వే కొట్టావు. చెప్పు. మళ్ళీ చెప్పు."

ఆయన ముందుకు వంగాడు. మొహం వెలిగింది. "వాన పడుతోంది. చివరి నిమిషం. బంతి నాకు వచ్చింది. నలభై గజాలు ఉంటుంది. ఎడమ కాలితో..."

ఆగిపోయాడు.

"కాదు" అన్నాడు. "అది ఈయన రాసింది."

తన కాళ్ళు చూసుకున్నాడు. కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి నిలబడి, కుడికాలు కొంచెం ఊపాడు. తర్వాత ఎడమ కాలు. మనవరాలు మోచెయ్యి పట్టుకుంది. "రెండేళ్ళు ఆ కాగితం చదివాను. ఎక్కడ తప్పుందో చూపించాలని రోజూ చదివాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది. ఆ కాలే కనిపిస్తోంది. నాది రావడం లేదు."

నా జీవితంలో ఎవరూ నన్ను ఇంతకంటే పెద్ద తిట్టు తిట్టలేదు. ఆయన తిట్టడం లేదు కూడా, నిజంగానే వెతుక్కుంటున్నాడు. మా ఆవిడ నా మొహం చూడకుండా కిటికీ వైపు తిరిగింది.

పిల్ల ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టింది. "కొట్టింది వదిలెయ్ తాతా. కొట్టాక ఏమైంది?"

నేను రెండేళ్ళలో ఆయన్ని ఒక్కసారీ అడగని ప్రశ్న అది. ఆధారం అడిగాను గానీ, ఏమైందని అడగలేదు.

"కొట్టాక?" ఆయన ఆలోచించాడు. "కొట్టాక ఊపిరాడలేదు."

"ఎందుకు?"

"అందరూ నా మీద పడ్డారు. గోల్‌కీపర్ తప్ప తొమ్మిదిమంది. బురదలో మొహం. నోటినిండా గడ్డి. ఎవడో నా చెవి కొరికాడు, సంతోషంలో. ఇక్కడ ఎముక కలుక్కుమంది." భుజం మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నెల రోజులు కట్టు కట్టారు. చొక్కా మా అమ్మ తొడిగేది. తొడిగినప్పుడల్లా తిట్టేది, గోల్ కొట్టమన్నది ఎవరు నిన్ను అని." ఆయన నా వైపు తిరిగాడు. మొదటిసారి ఆ కళ్ళలో నాకో దబాయింపు కనిపించింది. "నేను కొట్టకపోతే అంతమంది నా మీద ఎందుకు పడతారు? మీరే చెప్పండి. మీరు చదువుకున్నారు."

"మీరే కొట్టారు" అన్నాను.

"ఆధారం?"

"అక్కర్లేదు."

పిల్ల నవ్వింది. ఆయన చెవి పట్టుకుని కొరికిన గుర్తు ఉందేమో అని వెతకసాగింది. ఉందని ఆయన, లేదని ఆమె. మేమిద్దరం మెట్లు దిగేసరికి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఎక్కడో ఒకచోట రొట్టెలవాడు మిగిలే ఉంటాడు. మీకు తారసపడితే నమ్మకండి. ఆ ఫైనల్లో ఆ ఒక్క గోల్ కొట్టింది రీడింగ్‌లో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో వడ్డించిన పెద్దాయన. ఏ కాలితో కొట్టారని మాత్రం ఆయన్ని అడగవద్దు. నేను ఆధారం అడగకముందు ఆయనకు ఆ సంగతి తెలుసు.